ఆ గదికి మళ్ళీ వెళ్ళు

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నేను గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ ఆనర్స్ నాలుగో సెమిస్టర్ చదువుతున్నాను. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. మా కాలేజీలో కెరీర్ గైడెన్స్ సెల్ ఉంది. కిందటి నెల ధైర్యం చేసి వెళ్ళాను. ‘నీకేం కావాలని ఉంది?’ అని అక్కడి మేడమ్ అడిగారు. తెలియదన్నాను. ‘ఆలోచించుకుని రా’ అన్నారు. తెలిస్తే అక్కడికి ఎందుకు వెళ్తాను? మళ్ళీ వెళ్ళలేదు. హైదరాబాద్‌లో ఉన్న మా బావ డిగ్రీ అవగానే అమీర్‌పేట వచ్చి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటున్నాడు. నాన్న బీఈడీ చేసి టీచర్ ఉద్యోగం చూసుకోమంటారు. పరీక్షలయ్యాక ఇంటర్న్‌షిప్ చేయాలి. డబ్బు కడితే చాలు, ఎక్కడికీ వెళ్ళకుండానే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒకటి ఉందని మా క్లాసులో చాలామంది అందులో చేరుతున్నారు. నేను ఏం చేయాలి? 
— పేరు వద్దు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ గదికి మళ్ళీ వెళ్ళు. ఈ వారమే వెళ్ళు. ఏం పట్టుకుని వెళ్ళాలో, ఏం అడగాలో చెబుతాను.

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, దాంతోపాటు కెరీర్ గైడెన్స్ సెల్ బాధ్యత చాలా ఏళ్ళు చూసినదాన్ని కనుక నాకు ఆ గది లోపలి సంగతులు తెలుసు. నువ్వు కలిసిన మేడమ్ కూడా పాఠాలు చెప్పే లెక్చరరే అయి ఉంటారు. రోజుకు మూడు నాలుగు క్లాసులు, ప్రాక్టికల్స్, పరీక్షల డ్యూటీలు, వాటి మధ్య దొరికిన అరగంటలో ఆ సెల్. ఆమె మనసు మంచిదే అయినా సమయం తక్కువ. అయినా ఒక మాట గట్టిగా చెబుతాను. పందొమ్మిదేళ్ళ పిల్ల గుమ్మంలోకి రాగానే ‘నీకేం కావాలి’ అని అడగకూడదు. ఆ ప్రశ్నకు జవాబు మూడో సారో నాలుగో సారో కలిసేటప్పటికి రావాలి. మొదటి రోజే చెప్పగలిగిన పిల్లలకు ఆ గది అవసరం అంతగా ఉండదు. నీలాంటి పిల్లల కోసమే అది పుట్టింది.

నిజంగా అలాగే పుట్టింది. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన ఇలాంటి మొదటి సలహా కేంద్రాన్ని తెరిచాడు. పరదేశాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు, కూలిపని చేసుకునేవారి పిల్లలు చేతికి దొరికిన పనిలో చేరిపోయి, నచ్చక మానేసి, మరో దాంట్లో చేరుతుంటే చూసి ఆ ఏర్పాటు చేశాడు. అదే ఏడాది చనిపోయాడు కానీ ఆయన చెప్పిన పద్ధతి మిగిలింది. నీ గురించి నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, ఆ రెంటికీ పొంతన కుదురుతుందా అని చూసుకో అన్నాడు. నిన్ను మొదటి రోజే మూడో మెట్టు మీద నిలబెట్టి అడిగారు. కింది రెండు మెట్లూ ఇప్పుడు ఎక్కుదాం.

రెండోసారి వెళ్ళేటప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకో. ఒక వైపు నీ సంగతులు రాయి. ‘నేను కష్టపడే స్వభావం కలదాన్ని’ వంటివి వద్దు, అవి అందరూ రాస్తారు. ల్యాబులో నీకు గంటలు తెలియకుండా గడిచిపోయే పని ఏది, గడియారం చూసుకునే పని ఏది? టైట్రేషన్ రీడింగులు ఒకదానికొకటి సరిపోయేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తావా, ఒకసారి వచ్చింది చాలనుకుంటావా? ప్రాక్టికల్ రికార్డు శుభ్రంగా నువ్వే రాస్తావా, స్నేహితురాలి రికార్డు చూసి ఎక్కిస్తావా? నీ జూనియర్లకు పాఠం చెప్పమంటే ఉత్సాహంగా ఉంటుందా? అబద్ధం రాయకు, ఎవరూ మార్కులు వేయరు. రెండో వైపు మీ ఇంటి సంగతి రాయి. డిగ్రీ తర్వాత ఇంట్లోవాళ్ళు ఎన్నేళ్ళు చదివించగలరు, ఎంత ఖర్చు పెట్టగలరు, వేరే ఊరు పంపుతారా, నువ్వు వెళ్ళగలవా, రాత్రి షిఫ్టులు ఒప్పుకుంటారా? ఇవి సిగ్గుపడే విషయాలు కావు. ఇవి తెలియకుండా ఎవరు సలహా చెప్పినా అది గాలిలో చెప్పిన మాటే.

కాగితం ఆ మేడమ్ చేతికిచ్చి, ‘నాకు ఏం బాగుంటుంది’ అని అడగకు. ఇలా అడుగు: ‘మేడమ్, మన కాలేజీలో కెమిస్ట్రీ చదివి వెళ్ళినవాళ్ళు గత ఐదేళ్ళలో ఎక్కడెక్కడ చేరారో జాబితా చూడవచ్చా?’

ఆ జాబితా ఉంటుంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు ఇచ్చే నివేదికలో ఐదో అంశం విద్యార్థులకు అందించిన సహాయం, వారి పురోగతి గురించే. ఎవరు ఉద్యోగంలో చేరారు, ఎవరు పై చదువుకు వెళ్ళారు అని ఏటా సేకరించి ఫైలు కడతారు. చాలా కాలేజీల్లో ఆ ఫైలు తనిఖీ రోజున తప్ప బీరువా దాటి రాదు. నాకు దీని మీద ఎప్పుడూ బాధే. కాలేజీలో అంతకంటే విలువైన పుస్తకం లేదు. నీ బెంచీల మీదే కూర్చుని, నీ ల్యాబులోనే బ్యూరెట్ పట్టుకుని, నీలాంటి ఇంటి నుంచే వచ్చిన పిల్లలు ఎక్కడ తేలారో అందులో ఉంటుంది. ఒకరు పరవాడ ఫార్మా సిటీలో నాణ్యత విభాగంలో ఉంటారు, ఒకరు బ్యాంకులో, ఒకరు సచివాలయంలో, ఒకరు నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంటారు. అందులోంచి వేరువేరు పనుల్లో ఉన్న ముగ్గురిని ఎంచుకో. ‘వీళ్ళతో మాట్లాడించగలరా’ అని మేడమ్‌ను అడుగు. ముందు ఆమె వాళ్ళకు ఫోను చేసి, వాళ్ళు సరేనన్నాకే నంబరు ఇస్తారు. అదే మర్యాద.

రెండో కోరిక పరిచయ లేఖ. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపల్ సంతకంతో ‘ఈ విద్యార్థిని మా కళాశాలలో ఫలానా కోర్సు చదువుతోంది, ఇంటర్న్‌షిప్ అవకాశం కోసం మిమ్మల్ని కలుస్తోంది’ అన్న నాలుగు వాక్యాలు. సొంతంగా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు, ఈ కాగితం ఉంటే లోపలిదాకా వెళ్ళవచ్చు. సలహా చెప్పే గది నీకు చేయగల పెద్ద సాయం ఇదే, సలహా కూడా దీని తర్వాతే.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తా అని రాశావు. రాసి, ఊరికే వదిలేశావు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. నువ్వు చదివేది కెమిస్ట్రీ, ఉండేది గుంటూరులో, మీ నాన్న పొద్దున లేచి వెళ్ళేది ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి మార్కెట్టుకు. ఆ కాయ ఓడ ఎక్కేముందు ఎన్ని పరీక్షలు దాటాలో నీకెవరైనా చెప్పారా?

2003లో మన దేశం నుంచి వెళ్ళిన మిరప ఉత్పత్తిలో సూడాన్-1 అనే రంగు ఉన్నట్టు ఫ్రాన్స్‌లో పట్టుకున్నారు. మైనానికి, బూటు పాలిష్‌కు వాడే రంగు అది, తిండిలో ఉండకూడదు. యూరప్ దేశాలు ఆంక్షలు పెట్టాయి. ఆ తర్వాత ఎగుమతయ్యే మిర్చికి, కారానికి సుగంధ ద్రవ్యాల బోర్డు తప్పనిసరి పరీక్షలు పెట్టింది. ఆ బోర్డు పరీక్షల ప్రయోగశాల ఒకటి మన గుంటూరులోనే ఉంది. సరిగ్గా ఎండని కాయలో పెరిగే బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్‌కు పంపే మిర్చిలో బీ1 రకం అఫ్లాటాక్సిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలో వంతు. దాన్ని పట్టుకునేది కెమిస్ట్రీ చదివినవాళ్ళే.

రంగు సంగతి చూడు. మీ నాన్నగారు కాయ చేతిలోకి తీసుకుని బ్యాడిగి రకం రంగు బాగుందనో, ఇది తాలు (రంగు పోయిన నాసి కాయ) అనో చూపుతోనే చెప్పేస్తారు. విదేశీ కొనుగోలుదారుకు అంకె కావాలి. కారంపొడిని ఎసిటోన్‌లో నానబెట్టి, రంగు దిగిన ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుందో కొలుస్తారు. దానినుంచి రంగు ఎంత గాఢమో చెప్పే ఆస్టా విలువ లెక్క కడతారు. ద్రావణం ఎంత చిక్కనైతే అంత ఎక్కువ కాంతిని పీల్చుకుంటుందని నువ్వు పాఠంలో చదివిన బీర్-లాంబర్ట్ నియమం తప్ప అందులో మరేం లేదు. తేజ రకం ఘాటును, ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద క్యాప్సైసిన్ శాతంగా తేలుస్తారు. పురుగుమందుల అవశేషాలకు ఇంకా పెద్ద యంత్రాలున్నాయి. ఇవి కాక తేమ, బూడిద, కల్తీ పరీక్షలు. బోర్డు ప్రయోగశాల ఒక్కటే కాదు, ప్రైవేటు పరీక్షా కేంద్రాలు, కారం మిల్లులు, మిర్చి నుంచి ఓలియోరెసిన్ అనే సారం తీసే కర్మాగారాలు, ఎగుమతిదారుల సొంత ల్యాబులు ఉన్నాయి.

నువ్వు అందులోనే చేరాలని చెప్పడం లేదు. సాఫ్ట్‌వేర్, టీచర్ అని రెండే దారులు నీ ముందు ఉన్నట్టు రాశావు. నీ ఇంటి పక్కనే ఉన్న మూడోది నీకు కనిపించనేలేదు. అది నన్ను బాధించింది.

కనుక ఈ రాత్రి నాన్నగారిని అడుగు: ‘మన కొట్టులో సరుకు కొనే ఎగుమతిదారులు ఎవరు? వాళ్ళ శాంపిల్ ఎక్కడికి పరీక్షకు వెళ్తుంది?’ టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు రాసే మనిషికి ఆ పేర్లు కంఠతా వచ్చి ఉంటాయి. ఈ విషయంలో కాలేజీలోని ఏ సలహాదారుకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. ఆయన చెప్పిన పేర్లు మీ మేడమ్‌కు ఇవ్వు, ఆమె పరిచయ లేఖ ఇస్తారు. ఇద్దరూ నీకోసం ఒకే పనిలో చేరినట్టవుతుంది. ఫిబ్రవరి నుంచి మేదాకా సీజన్ మీద ఉన్నప్పుడు యార్డులో ఎవరికీ తీరిక ఉండదు, కాబట్టి ముందే కదులు.

ఉత్తరం ఇలా రాసుకో: ‘అయ్యా, నేను ఫలానా కళాశాలలో బీఎస్సీ కెమిస్ట్రీ నాలుగో సెమిస్టర్ విద్యార్థిని. మిర్చి నాణ్యత పరీక్షలు ఎలా జరుగుతాయో తెలుసుకోవాలని ఉంది. మీ ప్రయోగశాలలో పనిచేసే ఒకరితో ఇరవై నిమిషాలు మాట్లాడే అవకాశం ఇప్పించగలరా? వీలైతే సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కూడా చేయాలనుకుంటున్నాను. కళాశాల లేఖ జతచేశాను.’ ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు. జవాబు రాకపోతే వారం తర్వాత ఒకసారి గుర్తు చేయి. అప్పటికీ రాకపోతే రెండో పేరుకు రాయి.

కలిసినప్పుడు ‘ఈ రంగంలో భవిష్యత్తు ఎలా ఉంటుంది’ అని అడగకు. పెద్ద ప్రశ్నలకు పెద్ద మాటలే వస్తాయి. ‘నిన్న పొద్దున వచ్చినప్పటి నుంచి సాయంత్రం దాకా మీరు ఏమేం చేశారు?’ అని అడుగు. అదొక్కటే రంగం మొత్తాన్ని విప్పి చూపిస్తుంది. ఆఖరిసారి కొత్తగా తీసుకున్న వ్యక్తికి ఏ అర్హత ఉందో అడుగు. బీఎస్సీతో చేరినవాళ్ళు ఎక్కడిదాకా ఎదుగుతారు, ఎమ్మెస్సీ లేక ఆగిపోయేది ఎక్కడ? ఇది తప్పకుండా అడుగు, ఎందుకంటే ల్యాబుల్లో నివేదిక మీద సంతకం చేసే స్థాయికి చేరాలంటే పై చదువో ఎక్కువ అనుభవమో అడుగుతారు. మొదట్లో జీతాలు మామూలుగానే ఉంటాయి. ఆడపిల్లలు ఎంతమంది పనిచేస్తున్నారు, పొద్దుపోతే ఇల్లు చేరడం ఎలా అని కూడా మొహమాటం లేకుండా అడిగి తెలుసుకో.

ఇలా చూసి రావడం వల్ల వద్దనుకోవడం కూడా లాభమే. నా విద్యార్థిని ఒకమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్ప మరోటి చదవనని కూర్చుంది. ఇంటర్న్‌షిప్‌లో ఒక ల్యాబుకు పంపాం. రోజంతా నిలబడి పని, ద్రావణాల వాసన, ఒకే పరీక్షను వందసార్లు చేయడం ఆమెకు పడలేదు. కానీ అక్కడ శాంపిల్స్ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని చేతికిస్తే భోజనం కూడా మరచిపోయేదట. ఇప్పుడు బ్యాంకులో ఉంది, సంతోషంగా ఉంది. ఆ రెండు నెలలు రెండేళ్ళ చదువును, ఇంట్లోవాళ్ళ డబ్బును కాపాడాయి.

అందుకే డబ్బు కట్టి కొనుక్కునే సర్టిఫికెట్ వద్దంటున్నాను. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు మొదటి ఏడాది తర్వాత సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాల ఇంటర్న్‌షిప్, చివరలో ఒక సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్ పెట్టింది ఈ చూసి రావడం కోసమే. లాగ్ బుక్ రాయాలి, నీకు కేటాయించిన లెక్చరర్ చూడాలి. దాన్ని ఇంట్లో కూర్చుని కల్పించి రాస్తే మార్కులు రావచ్చు. తర్వాత ఇంటర్వ్యూలో ‘అక్కడ ఏ యంత్రం మీద పనిచేశావు, బ్లాంక్ రీడింగ్ ఎందుకు తీస్తారు’ అని అడిగితే రెండో ప్రశ్నకే తేలిపోతుంది. క్లాసులో అందరూ చేరుతున్నారని నువ్వు చేరకు తల్లీ. నీకున్న సెలవులు అవే.

మీ బావ చెప్పింది కొట్టిపారేయను. సైన్సు చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ అమీర్‌పేటలో గది అద్దె, ఫీజు, తిండి ఖర్చు పెట్టి తెలుసుకోవలసిన విషయం కాదది. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికల మీద ప్రోగ్రామింగ్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఒక కోర్సు ఎంచుకుని నెల రోజులు రోజుకు గంట కూర్చో. తప్పు ఎక్కడుందో వెతకడం నీకు సరదాగా అనిపిస్తే అప్పుడు బావతో మాట్లాడు. నాన్నగారు చెప్పిన బీఈడీ రెండేళ్ళు, ఆ తర్వాత టెట్, డీఎస్సీ. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో మన చేతిలో ఉండదు కనుక ఆ దారిలో వెళ్తే మధ్యలో ఏం చేస్తావో కూడా అనుకుని ఉండాలి. ముందు మీ వీధిలో నలుగురు పదో తరగతి పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి చూడు.

ఒక సంగతి గుర్తు పెట్టుకో, డిగ్రీ అయ్యాక పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ ఇంజనీరింగ్ పిల్లలకే అనుకుంటారు. మామూలు డిగ్రీ చదివినవాళ్ళకూ ఉంది. సంస్థలో శిక్షణ, దాంతోపాటు నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. నమోదుకు రుసుము లేదు.

పదిహేను రోజుల తర్వాత ఆ మేడమ్‌ను మళ్ళీ కలువు. ఎవరిని కలిశావో, ఏం విన్నావో చెప్పు. అప్పుడు ఆమె ‘నీకేం కావాలని ఉంది’ అని అడిగితే సగం జవాబైనా నీ దగ్గర ఉంటుంది. మిగతా సగం ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. నాకూ రాయి.

ప్రశ్న: నేను విజయవాడలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న ఆటోనగర్‌లో మెకానిక్. కెరీర్ సలహా ఇస్తామని ప్రకటన చూసి ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. బహుళజాతి సంస్థలో బ్యాక్ ఆఫీసు ఉద్యోగం గ్యారంటీ అని 15 వేలు కట్టించుకున్నారు. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపారు. ఇప్పుడు శిక్షణ డిపాజిట్ అని ఇంకో 20 వేలు అడుగుతున్నారు. కట్టకపోతే మొదటి డబ్బు పోతుందంటున్నారు. ఇంట్లో చెప్పలేదు. కట్టమంటారా? 
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టవద్దు నాయనా. ఉద్యోగం ఇచ్చే సంస్థ నీకు డబ్బు ఇస్తుంది, నీ దగ్గర తీసుకోదు. మొదటి డబ్బు పోతుందన్న భయం చూపించి రెండోది లాగడమే ఇలాంటి వాళ్ళ పద్ధతి. రెండోది ఇస్తే మూడోది అడుగుతారు.

ఈ పూటే చేయవలసినవి చెబుతాను. డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ సంభాషణలు, ఆఫర్ లెటర్, వాళ్ళ ఫోను నంబర్లు అన్నీ ఒకచోట భద్రపరచు, ఏదీ చెరిపేయకు. ఫోను ద్వారా డబ్బు పంపి ఉంటే 1930 నంబరుకు ఫిర్యాదు చేయి. అది సైబర్ మోసాలకు జాతీయ సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే బ్యాంకులో సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. చేతికి ఇచ్చినా, రసీదు ఇవ్వకపోయినా మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. రసీదు ఇచ్చిన దుకాణమైతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు కూడా చెప్పు. ఆఫర్ లెటర్ మీదున్న నంబరుకు కాకుండా ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోను చేసి, ఆ లెటర్ వాళ్ళదేనా అని అడుగు.

వీటన్నిటికీ ముందు మీ నాన్నకు చెప్పు. కోప్పడతారు, తప్పదు. ఆయన కష్టార్జితం కదా. కానీ ఫిర్యాదుకు నీ పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి. ఆ తర్వాత మీ కాలేజీ కెరీర్ గైడెన్స్ సెల్‌లో కూడా చెప్పు. నీ క్లాసులో ఇంకెవరు ఆ మెట్లు ఎక్కబోతున్నారో వాళ్ళకు తెలియాలి.

డబ్బు తీసుకునే సలహాదారులందరూ మోసగాళ్ళని అనను. అభిరుచి పరీక్షలు పెట్టి, గంటసేపు మాట్లాడి, ఆ సమయానికి ఫీజు తీసుకునే నిజాయతీపరులైన కౌన్సెలర్లు ఉన్నారు. వాళ్ళు సలహాకు డబ్బు తీసుకుంటారు, ఉద్యోగాన్ని అమ్మరు. ఉద్యోగాల వివరాలకైతే 2015లో మొదలైన కేంద్ర కార్మిక శాఖ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, అందులో నమోదు ఉచితం.

బీకాంలో నీ మార్కులు ఎన్నో రాయలేదు. 55 శాతం, అంతకన్నా ఎక్కువ వస్తే సీఏ కోర్సులో మొదటి పరీక్ష అయిన ఫౌండేషన్ రాయకుండానే, రెండో మెట్టు అయిన సీఏ ఇంటర్మీడియట్‌లో నమోదు చేసుకునే వీలుంది. ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) ఇప్పుడు రెండేళ్ళు, ఆ కాలంలో స్టైపెండ్ వస్తుంది. అంత చదువు వద్దనుకుంటే జీఎస్టీ రిటర్నులు, టాలీ మీద చేయి తిరిగినవాళ్ళకు మన ఊళ్ళో ఆడిటర్ల ఆఫీసుల్లో పని దొరుకుతుంది. మీ అకౌంట్స్ సార్‌ను అడిగి ఒక ఆడిటర్ గారి దగ్గరకు వెళ్ళు.

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం. మావారు వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టులో పనిచేస్తారు. అమ్మాయిని వాళ్ళ కాలేజీ కౌన్సెలర్ దగ్గరకు నేనే తీసుకువెళ్ళాను. నన్ను బయట కూర్చోమని దాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. గంటసేపు మాట్లాడారు. బయటకు వచ్చి ‘అమ్మా, నేను సివిల్స్ రాస్తాను’ అంటోంది. తల్లిని బయట కూర్చోబెట్టడం ఏమి పద్ధతండీ? ఢిల్లీ కోచింగ్ అంటే మా వల్ల అవుతుందా? 
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ మనసు నొచ్చుకోవడం సహజం. అయినా ఆ కౌన్సెలర్ చేసింది మంచి పని. తల్లి పక్కన ఉంటే పిల్లలు తల్లి ముఖం చూస్తూ జవాబులు చెబుతారు. నేను కూడా మొదటిసారి పిల్లలతో విడిగానే మాట్లాడేదాన్ని. రెండోసారి తల్లిదండ్రులను పిలిచేదాన్ని. మీరూ వచ్చేసారి లోపలికి వస్తామని అడగండి, కాదనరు.

సివిల్స్ అంటే భయపడకండి, అలాగని వెంటనే సూట్‌కేసు సర్దకండి. అమ్మాయి ఇంకా రెండో సంవత్సరంలో ఉంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా ప్రిలిమ్స్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఈ ఏడాదంతా రోజూ పత్రిక చదవడం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పూర్తి చేయడం, పాత ప్రశ్నపత్రాలు చూడటం ఇంట్లో ఉండే చేయవచ్చు. ఆ పని ఆరు నెలలు విడవకుండా చేసిందంటే కోరిక నిజమని మీకూ, దానికీ తెలుస్తుంది. బీసీ స్టడీ సర్కిల్ వంటివి ఉచిత శిక్షణకు ప్రకటనలు ఇస్తుంటాయి, మీ అమ్మాయికి అర్హత ఉందేమో కౌన్సెలర్‌నే కనుక్కోమనండి. సివిల్స్‌కు చదివినది గ్రూప్-1, గ్రూప్-2కు కూడా చాలావరకు పనికివస్తుంది. ఎకనామిక్స్ పిల్లలకు ఎంఏ చేస్తే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష కూడా ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూపమని ఆ కౌన్సెలర్‌ను అడగండి.

మీరు చేయవలసిన పని ఒకటుంది, అది కౌన్సెలర్ చేయలేరు. డిగ్రీ అయ్యాక ఎన్నేళ్ళు చదవనిస్తారు, ఏడాదికి ఎంత ఇవ్వగలరు, పెళ్ళి మాట ఎప్పటిదాకా ఎత్తరు? ఈ మూడూ అమ్మాయికి దాచకుండా చెప్పండి. చాలా ఇళ్ళల్లో ‘నీ ఇష్టం వచ్చింది చదువు’ అంటారు, డిగ్రీ చేతికి రాగానే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఆ పిల్లలు నా గదిలోకి వచ్చి ఏడ్చేవారు. ‘రెండేళ్ళు, ఏడాదికి 40 వేలు, అంతే ఇవ్వగలం’ అని ముందే చెప్పిన ఇంటి పిల్లలు ఆ రెండేళ్ళలోనే దారి వెతుక్కోవడం కూడా చూశాను. తక్కువ అంకె చెప్పడానికి సిగ్గుపడకండి.

కొట్టుకు సెలవున్న రోజున ముగ్గురూ కూర్చుని ఆ లెక్క కాగితం మీద వేయండి. వచ్చేసారి కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు అమ్మాయి దాన్ని వెంట తీసుకెళ్ళాలి.